రేషన్ షాపు దగ్గర మనం ఎందుకు లేం?

ఏటా ఏప్రిల్ 14న మన వాడల్లో అన్నదానం జరుగుతుంది. ఫ్లెక్సీ కడతాం, సాంబారన్నం వడ్డిస్తాం, ఫొటో దిగుతాం. తప్పని అనను, నేనూ గరిటె పట్టినవాణ్ణే. కానీ మర్నాడు అదే వాడలో ఒక ముసలమ్మ, వేలిముద్ర పడలేదని రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో తిరిగొస్తే, ఆమె వెంట మళ్లీ షాపుకి వెళ్లేది మనలో ఎవరు?

ఆళవి కథ మనకు తెలిసిందే. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుని ఆలస్యంగా వచ్చిన పేద రైతుకు తథాగతుడు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. దాన్ని మనం దానానికి ఉదాహరణగా వాడేసుకుంటున్నాం. ఒక్క ఆకలిగొన్నవాడి కోసం సభంతా ఆగిందన్న సంగతి వదిలేస్తున్నాం.

బడిలో మన పిల్లలు తినే వేడి అన్నం ఎవరి దయా కాదు. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే కరువు పల్లెలు పస్తులుంటున్నాయని 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెక్కింది. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాల్సిందేనని నవంబరు 28న కోర్టు ఆదేశించింది. అయినా చాలా రాష్ట్రాలు నాన్చాయి. జనం వీధికెక్కి అడగాల్సి వచ్చింది. 2004 ఏప్రిల్ 20న అదే కేసులో కోర్టు, వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వమంది. మహద్ చెరువు నీళ్లు తాగినవాళ్ల వారసులకు ఈ ఆదేశం కంఠతా రావాలి. మన సభల్లో దీన్ని ఎన్నిసార్లు విన్నారు?

విననందువల్ల ఏమవుతుందో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో చూశాం. 2021 డిసెంబరులో దళిత మహిళ వండిన అన్నం అగ్రకుల పిల్లలు ముట్టలేదు. అధికారులు ఆమెనే తీసేశారు. అప్పుడు దళిత పిల్లలు, కొత్తగా వచ్చిన అగ్రకుల వంటమనిషి అన్నం మాకొద్దన్నారు. ఆ పసివాళ్లకున్న తెలివి మన కమిటీలకు ఉందా?

"మనది ధమ్మ ఉద్యమం, బియ్యం గొడవ మనకెందుకు" అనే పెద్దలున్నారు. 1938లో ఖోతీ జమీందారీ రద్దు చేయమని వేల రైతులతో బొంబాయి కౌన్సిల్ హాలుకు కదిలిన బాబాసాహెబ్‌కు కూడా వీళ్లు అదే చెబుతారా?

2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలు హక్కుగా ఇచ్చింది. రేషన్ షాపు స్థాయి దాకా విజిలెన్స్ కమిటీలుండాలనీ, వాటిలో ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ నిరుపేదలకూ చోటుండాలనీ అందులోనే రాసి ఉంది. లబ్ధిదారుల సంఖ్య ఇంకా 2011 జనాభా లెక్క మీదే నడుస్తోంది. ఆ తర్వాత పెరిగిన నోళ్లు ఎక్కడ తింటున్నాయి? ముందు మీ షాపు కమిటీలో ఎవరెవరున్నారో, అసలు కమిటీ ఉందో లేదో ఈ నెలలోనే సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబును వచ్చే పౌర్ణమి వందన తర్వాత విహారంలో అందరి ముందూ చదవండి.