పక్షిని అదిలించి తీసిన ఫొటోకి బహుమతి వద్దు

సెలవుల్లో తీసిన ప్రకృతి ఫొటోల్లో మంచివాటికి ఈ ఏడాది నుంచి బహుమతి ఇద్దామని మన బడిలో అనుకుంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఒక్క నియమం పెట్టకపోతే ఈ బహుమతి వల్ల మంచి కంటే చెడే ఎక్కువ జరుగుతుందని నా గట్టి అభిప్రాయం. పక్షిని అదిలించి తీసిన ఫొటో గానీ, గూటి దగ్గరికి పోయి తీసిన ఫొటో గానీ ఎంత బాగున్నా పోటీకి తీసుకోకూడదు. ఎందుకో చెప్తాను.

మన బరంపురం తెలుగువాళ్లం చలికాలం సెలవుల్లో కారెక్కితే ఎక్కువగా రెండు వైపులకే వెళ్తాం. ఉత్తరానికి వెళ్తే చిలికా. దక్షిణానికి వెళ్తే శ్రీకాకుళం జిల్లాలో చుట్టాల ఊళ్లు. రెండూ 16వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణమే, రెండు వైపులా పక్షులే. చిలికాకి సూదితోక బాతులు, హిమాలయాలు దాటుకుని వచ్చే బార్ హెడెడ్ గూస్ బాతులు వస్తాయి. ఇటు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటాయి. ఇంత దగ్గరగా పక్షుల్ని చూసే అదృష్టం చాలామందికి లేదు. మనకుంది. దాన్ని మనం ఎలా వాడుకుంటున్నాం అన్నదే ప్రశ్న.

పోయిన సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వెళ్తూ మేము తేలినీలాపురంలో ఆగాం. మా వెనకాలే ఇంకో కారు వచ్చింది. అందులోంచి దిగినవాళ్లకి కొంగలు గూళ్లలో కదలకుండా ఉండడం నచ్చలేదు. "ఎగురుతుంటే తీస్తే బాగుంటాది" అని ఒకతను చప్పట్లు కొట్టాడు. లేవలేదు. ఇంకొకతను హారన్ కొట్టాడు. అప్పటికీ లేవకపోతే మట్టిబెడ్డ విసిరాడు. గుంపు గుంపంతా లేచింది. ఫొటోలు తీసుకుని ఐదు నిమిషాల్లో వెళ్లిపోయారు. అక్కడున్న ఒక ముసలమ్మ "పసిపిల్లలున్న ఇంటి మీద బెడ్డలేస్తారా నాయనా" అని అడిగింది. వాళ్లు జవాబు చెప్పలేదు.

"ఫొటోయే కదా, చంపామా ఏంటి?" అని చాలామంది అంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏం చెప్తుందో వాళ్లకి తెలీదు. ఆ చట్టంలో వేట అనే మాటకి అర్థం రాసినచోట, అడవి పక్షుల గుడ్లని పాడుచెయ్యడమే కాదు, గుడ్లనీ గూళ్లనీ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా వేటే అని ఉంది. అంటే తుపాకీ పట్టుకుంటేనే వేటగాడు అవ్వక్కర్లేదు.

చట్టం ఊరికే అలా అనలేదు. అప్పుడే పుట్టిన కొంగపిల్లకి ఒంటి మీద సరిగ్గా ఈకలుండవు. ఎండ కాస్తే తల్లి గానీ తండ్రి గానీ రెక్కలు చాపి గొడుగులా నీడ పడతాయి. అవి భయపడి లేచిపోతే పిల్లలు ఎండలో మాడతాయి. కాకులు గుడ్లెత్తుకుపోతాయి. చిలికాలో దిగే బాతుల సంగతి వేరు. వాటికి అక్కడ గూళ్లు లేవు, కానీ తిరిగి వెళ్లే ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి. మనం పడవలో మీదమీదకి పోయి లేపిన ప్రతిసారీ అది కొంత ఖర్చయిపోతుంది. మనకి ఒక ఫొటో, దానికి ఒక పూట తిండి.

ఫోన్లు వచ్చాక ఈ బాధ ఇంకా పెరిగింది. ఫోన్లో దూరంగా ఉన్న పక్షి చుక్కలా పడుతుంది. అందుకని ఇంకో నాలుగడుగులు, ఇంకో నాలుగడుగులు అంటూ ముందుకు పోతారు. పక్షి లేచేదాకా ఆగరు. ఇంత చేసి తీసిన ఫొటో కింద ఏం రాస్తారు? "సైబీరియా పక్షులు." తేలుకుంచి నత్తగుల్లకొంగకి సైబీరియాతో సంబంధమే లేదు. అది మన దేశపు కొంగే. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. ఆ ముక్కుతో వరిపొలాల్లో నత్తల్ని పట్టి తింటుంది. అందుకే తెలుగులో ఆ పేరు. ఒడియాలో గెండాళియా అంటారు, గెండా అంటే నత్తే. రెండు భాషలవాళ్లూ దాన్ని అంత శ్రద్ధగా చూసి పేరు పెట్టారు. కెమెరా చేతిలో ఉన్న మనకి ఆ పేరే తెలీదు.

చిలికా ఒడ్డునే మంగళాజోడి ఉంది. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడి అమ్ముకునేవారు. ఆ వేటగాళ్లలో చాలామంది తర్వాత కాపలాదారులయ్యారు. ఇప్పుడు మోటారు లేని పడవల్ని గెడతో తోసుకుంటూ చూడ్డానికి వచ్చినవాళ్లని తిప్పుతున్నారు. వేట మీద బతికినవాళ్లే మారితే, సరదాకి వెళ్లే మనం మారలేమా?

ఫొటోలే తియ్యొద్దని నేను అనడం లేదు. పేరు తెలియని పక్షిని పుస్తకంలో పోల్చుకోడానికి ఫొటో ఎంతో సాయం. పెద్ద కెమెరా, మంచి లెన్సు ఉన్నవాళ్లు దూరం నుంచే తీసుకోవచ్చు. లేనివాళ్లు ఓడిపోయినట్టేనా అంటే, మన పోటీ ఇలాగే ఉంటే అవును, వాళ్లే ఓడిపోతారు. లేకపోతే గెలవడం కోసం గూటి దగ్గరికి పోతారు. అందుకే నా మనవి ఇది. ఫొటోతో పాటు ఒక పేజీ రాయమనండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎంత దూరం నుంచి చూశాం? పక్షి పేరు తెలుగులో ఏంటి, ఒడియాలో ఏంటి? అది ఏం చేస్తోంది? మనం వెళ్లేటప్పటికి కూడా అదే పని చేస్తోందా? ఆ ఆఖరి ప్రశ్నకి "అవును" అన్నవాళ్లకే బహుమతి ఇవ్వండి. నోటు పుస్తకానికి లక్షలు అక్కర్లేదు.

పెద్దవాళ్లకి కూడా ఒక మాట. కారు నడిపేది మీరే. పక్షులు కనిపిస్తే రోడ్డు పక్కకి తీసి ఇంజను ఆపండి. పిల్లల్ని దిగనివ్వకండి. నడిచొచ్చే మనిషిని చూసి భయపడినంతగా పక్షులు ఆగి ఉన్న కారుని చూసి భయపడవు. అద్దం దించి చూస్తే చాలు. ఫోన్లో పక్షుల కూతలు పెట్టి పిలవకండి, శత్రువు వచ్చిందనుకుని గూడు వదిలి వెతుక్కుంటూ వస్తాయి. డ్రోన్ అసలే వద్దు.

తేలుకుంచి రైతులు ఆ కొంగలొస్తే వానలూ పంటలూ బాగుంటాయని నమ్ముతారు. ఆ నమ్మకంతోనే ఏళ్ల తరబడి వాటిని కాచుకుంటూ వచ్చారు. చదువుకున్న మనం కాపాడకపోయినా పర్లేదు, కనీసం బెడ్డ వెయ్యకుండా ఉందాం. బెడ్డ వేసినవాళ్లకి మన బడి బోర్డు మీద చోటు ఇవ్వకుండా ఉందాం.