మత్తు ఎవరిది? లాభం ఎవరిది?

ప్రతిభకూ మత్తుకూ పుట్టుకతోనే చుట్టరికం ఉన్నదని నమ్మేవారు మనలోనూ ఉన్నారు. అమెరికన్ రాక్ గాయకుడు కర్ట్ కోబేన్ పేరెత్తితే చాలు, వారి గొంతు గద్గదమవుతుంది. ఇరవయ్యేడో యేట రాలిపోవటమే అతని ప్రతిభకు కిరీటమంటారు. మరికొందరు మిత్రులు ‘క్షీణ సంస్కృతి’ అని ఒక్క ముద్ర కొట్టి చేతులు దులుపుకుంటారు. ఈ రెండు వాదాలూ అసలు దోషిని తప్పించేవేనని నా అభియోగం.

కోబేన్ 1967లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆబర్డీన్‌లో పుట్టాడు. అది కలపకోత మీద బతికిన ఊరు. ఆ పరిశ్రమతోపాటే చితికిన ఊరు. అతని కోపం ఆకాశంనుంచి ఊడిపడలేదు. ఆ కోపానికే మార్కెట్టు ధర కట్టింది. 1991 సెప్టెంబరులో అతని ‘నిర్వాణ’ బృందం ‘నెవర్‌మైండ్’ రికార్డు వెలువడినప్పుడు కంపెనీ అమెరికాలో మొదట పంపినవి సుమారు 46 వేల ప్రతులే. 1992 జనవరికల్లా అది మైకేల్ జాక్సన్ రికార్డును తోసి అమ్మకాల్లో మొదటి స్థానానికెక్కింది. దాని అట్టమీద బొమ్మేమిటి? డాలరు నోటు వెంట నీళ్ళలో ఈదే పసిపాప! ఆ వెక్కిరింతే కోట్ల ప్రతులుగా అమ్ముడుపోయింది.

కీర్తే అతణ్ణి హెరాయిన్ పాలు చేసిందని నేననను. ఆ అలవాటు కీర్తికి ముందే ఉన్నది. ఏళ్ళతరబడి వేధించిన కడుపునొప్పి దానికి తోడయింది. కీర్తి చేసిందల్లా జబ్బుమనిషిని సరుకుగా మార్చటం. సరుకుకు సెలవుండదు. అతని వ్యసనం పత్రికలకు మేతయింది. 1994 మార్చిలో, యూరపు పర్యటన నడుమ, రోమ్‌లో స్పృహతప్పి ఆసుపత్రిపాలయ్యాడు. ఏప్రిల్ 5న సియాటిల్‌లో ప్రాణం తీసుకున్నాడు.

ఒప్పందం మీద సంతకం పెట్టింది అతడే గదా అంటారు. నిజమే. మిల్లులో చేరే కూలీ కూడా తన వేలితోనే ముద్ర వేస్తాడు! కోబేన్ డబ్బు గడించలేదా? గడించాడు. కాని లెక్క అక్కడ ఆగలేదు. ఆ నవంబరులోనే అతని కచేరీ రికార్డు మళ్ళీ మొదటి స్థానానికెక్కింది. 2006లో, పాటల హక్కుల్లో కొంత భాగం అమ్ముడుపోగా, చనిపోయిన ప్రముఖుల సంపాదనలో ఫోర్బ్స్ పత్రిక అతనికే అగ్రస్థానమిచ్చింది: 5 కోట్ల డాలర్లు. 2020లో అతని గిటారు ఒక్కటే వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. శవం అలిసిపోదు, కచేరీ రద్దు చెయ్యదు. వ్యాపారికి ఇంతకంటే మంచి కళాకారుడెవడు?

వ్యసనం మహిమ కాదు, పాపమూ కాదు, జబ్బు. దానికి కావలసింది వైద్యం, విశ్రాంతి. కళాకారుడు శ్రామికుడు, పని ఆపే హక్కు అతనికుండాలి. అకాలమరణానికి హారతి పట్టేవారూ, ముద్ర కొట్టి వెలివేసేవారూ ఈ హక్కును గురించి మాట్లాడరు. మనం మాట్లాడాలి.