జాబితా వాళ్ళది, జీతం మనది



మనోళ్ళు చాలామంది ఇప్పుడు హైదరాబాద్‌లోనో, వైజాగ్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటికి మొదటి జీతం తెచ్చినవాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. పెద్ద కంపెనీల్లో చేసేవాళ్ళకు ఏడాదికోసారి ఒక మెయిల్ వస్తుంటుంది. మీకు నచ్చిన సేవను మీరే ఎంచుకోండి, మీరు చెప్పినంత నెలనెలా జీతంలోంచి కోసి అక్కడికి పంపుతాం, దానికి కంపెనీ కూడా అంతే కలుపుతుంది అని.

నాకూ వచ్చింది. మంచి పద్ధతే అనుకున్నా. లింకు నొక్కితే జాబితా తెరుచుకుంది. పిల్లల చదువు, ఆరోగ్యం, పర్యావరణం, వృద్ధులు, మూగజీవాలు. కింద "గిరిజన సంక్షేమం" అని కూడా ఉంది. సంతోషంగా నొక్కాను. దుప్పట్లు, సోలార్ దీపాలు, నోటు పుస్తకాలు. పక్కన ఒక ఫోటో. పూసలదండలు వేసుకున్న అవ్వ చేతిలో కొత్త దుప్పటి. అవ్వ పేరు లేదు, ఊరి పేరు లేదు.

పోడు భూమి దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలు రాయించడానికి ఇద్దామంటే ఆ జాబితాలో చోటు లేదు. గ్రామసభకు అటవీ హక్కుల చట్టం చదివి చెప్పేవాళ్ళ కోసం ఇద్దామంటే లేదు. గోండి, కోయ, కువి భాషల్లో పిల్లల పుస్తకాల కోసమూ లేదు. "మీరే ఎంచుకోండి" అన్నారు. కానీ దేన్ని ఎంచుకోవచ్చో వాళ్ళు ముందే ఎంచేశారు.

నేను దుప్పటిని తక్కువ చేయట్లేదు. లంబసింగి చలి తెలిసినవాళ్ళెవరూ అలా మాట్లాడరు. గర్భిణిని డోలీలో మోసుకెళ్ళే ఊర్లు ఇంకా ఉన్నాయి, అక్కడికి ఎవరు ఏ సాయం తెచ్చినా దండం పెట్టాల్సిందే. కానీ దుప్పటి రెండు మూడు చలికాలాలు కాస్తుంది. భూమి మీద హక్కు ఉంటే తరాలు కాస్తది. హక్కు ఉన్న మనిషి తన దుప్పటి తనే కొనుక్కుంటాడు.

ఒక్కసారి 1997 గుర్తు చేసుకోండి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడి కిందికే వస్తుంది, దానికి అక్కడి భూమిని లీజుకివ్వడం చెల్లదు అని తీర్పొచ్చింది. మన్యంలో ఈ రోజుకీ ఆ తీర్పే మనకు గొడుగు. మరి ఆ కేసును ఈ జాబితాలో ఏ గడిలో పెడతారు? చదువా, ఆరోగ్యమా, మూగజీవాలా?

ఇది మన ఒక్కరి బాధే కాదు. అమెరికాలో ఇదే గొడవ నలభై ఏళ్ళ కిందట జరిగింది. అక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లోంచి విరాళాలు సేకరించే కార్యక్రమం ఉంది. దాని పేరు కంబైన్డ్ ఫెడరల్ క్యాంపెయిన్, 1961లో కెన్నెడీ కాలంలో మొదలైంది. తన డబ్బు ఏ సంస్థకు పోవాలో ఉద్యోగే చెప్పొచ్చు. 1983లో అధ్యక్షుడు రీగన్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ఆరోగ్యం, సంక్షేమం లాంటి సేవలు నేరుగా అందించే సంస్థలే జాబితాలో ఉండాలి, కోర్టు కేసులు వేసేవాళ్ళు, హక్కుల కోసం వాదించేవాళ్ళు వద్దు అన్నాడు.

అప్పుడు ఏడు సంస్థలు కోర్టుకెళ్ళాయి. నల్లజాతి ప్రజల తరఫున కేసులు వాదించే ఎన్ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ వాటిలో ముందుంది. ఇండియన్ లా రిసోర్స్ సెంటర్ కూడా ఉంది. అక్కడి మూలవాసుల భూమి హక్కుల కోసం పనిచేసే సంస్థ అది. అంటే వాళ్ళ ఆదివాసులకూ అదే మాట చెప్పారన్నమాట: అన్నం అడగండి పెడతాం, హక్కు అడిగితే మాత్రం జాబితాలో చోటు లేదు.

1985లో సుప్రీంకోర్టు తీర్పు 4-3తో వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. తగిన కారణం ఉంటే ఇలాంటి సంస్థల్ని ప్రభుత్వం బయట పెట్టొచ్చంది. వాళ్ళ అభిప్రాయం నచ్చకే బయట పెట్టారా అన్నది మాత్రం తేల్చమని కేసును కింది కోర్టుకు పంపింది. వాళ్ళు అక్కడితో ఆగలేదు. 1987లో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఆ తలుపు తెరిచింది. జాబితా దేవుడు రాసింది కాదు, మనుషులు రాసింది, అడిగితే మారుతుంది అని చెప్పడానికే ఈ కథంతా చెప్పాను.

మన దగ్గరికొస్తే, హెచ్ఆర్ వాళ్ళు రెండు మాటలు చెప్తారు. మొదటిది, "చట్టం ఒప్పుకోదు." ఇక్కడ రెండు రకాల డబ్బుని వేరు చేసి చూడాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. అది కంపెనీ డబ్బు. అది ఏ పనులకు పోవాలో ఆ చట్టం 7వ షెడ్యూల్లో ఉంది. మన జీతంలోంచి మనం ఇచ్చేది మాత్రం మన డబ్బు, దాన్ని ఆ షెడ్యూల్ కట్టేయదు. కంపెనీ కలిపే వాటా సీఎస్ఆర్ నుంచి వచ్చినా, సామాజికంగా, ఆర్థికంగా వెనకబడ్డ వర్గాల అసమానతలు తగ్గించే పనులు కూడా ఆ షెడ్యూల్లోనే ఉన్నాయి. తన భూమికి కాగితం లేకపోవడం కంటే పెద్ద అసమానత ఏముంటుంది?

రెండో మాట, "హక్కులంటే రాజకీయం." అటవీ హక్కుల చట్టం 2006లో, పెసా 1996లో పార్లమెంటు చేసినవి. పార్లమెంటు చేసిన చట్టాన్ని ఊరికి చదివి వినిపిస్తే రాజకీయమెట్లవుతుంది?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే మామూలు సంస్థకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, 2021 నుంచి సీఎస్ఆర్-1 నమోదు కావాలి. ఆడిటరూ ఇంగ్లీషులో నివేదిక రాసేవాళ్ళూ ఉన్న పట్నం సంస్థకు అది సులువు. ఊరి యువజన సంఘానికి ఎక్కడ్నుంచి వస్తాయి? అందుకే మన పేరు మీద వచ్చే డబ్బు పట్నం సంస్థ చేతిమీదుగా దుప్పటి అయ్యి మనకు చేరుతుంది. ఏం కావాలని ఊరిని ఎవరూ అడగరు.

ఎంత డబ్బు కావాలి అంటారా? మీ ఊరి తిరస్కరణ కేసు ఒకటి తీసి చూడండి. దరఖాస్తు ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పాలి, 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు అని నియమాల్లో ఉంది. ఆ కాగితమే చాలామందికి చేరదు. చేరినా చదివి చెప్పేవాళ్ళుండరు. డివిజన్ ఆఫీసుకు బస్సు చార్జీ, జిరాక్సులు, పోయిన రోజు కూలి, ఇవన్నీ చిన్న ఖర్చులే. 500 చొప్పున ఇరవై మంది ఇస్తే నెలకు 10 వేలు. ఒక మండలంలో అప్పీళ్ళు రాయడానికి అది మొదటి మెట్టు. 2019 ఫిబ్రవరి 13న, తిరస్కరించిన దరఖాస్తుదారుల్ని అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 28న తనే ఆ ఆదేశాన్ని నిలిపేసింది. ఆ పదిహేను రోజులు మన పల్లెలు ఎట్ల నిద్రపోయాయో మర్చిపోకండి. అప్పీలు కాగితం విలువ ఆ రోజుల్లోనే తెలిసింది.

ఇవ్వడం మనకు ఎవరో నేర్పాల్సిన పనీ కాదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా గుడిని చూడండి. మెస్రం వంశం వాళ్ళు తలా ఇంత చందా వేసుకొని రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబరులో అందులో ప్రతిష్ఠ జరిగింది. ఏం కట్టాలో వాళ్ళే అనుకున్నారు, వాళ్ళే ఇచ్చారు, లెక్క వాళ్ళే చూసుకున్నారు. ఎంచుకోవడం అంటే అదీ.

కాబట్టి ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మూడు మాటలు.

ఒకటి, ఈసారి మెయిల్ వస్తే తీసిపారేయకండి. జవాబు రాయండి. "భూమి హక్కులు, న్యాయ సహాయం, ఆదివాసీ భాషలు" అని మూడు గడులు చేర్చమని అడగండి. ఒక్కరే రాస్తే పక్కన పెడతారు. పదిమంది రాస్తే మీటింగు పెడతారు. మనవాళ్ళు కాని స్నేహితుల చేత కూడా సంతకం చేయించండి.

రెండు, "గిరిజన సంక్షేమం" కింద ఏ పని పెట్టినా ఆ ఊరి గ్రామసభ తీర్మానం చూపించమనండి. ఫోటోలో అవ్వను పెడితే ఆమె ఒప్పుకున్నాకే పెట్టమనండి.

మూడు, వాళ్ళు మార్చేదాకా మనం ఆగొద్దు. ఒక మండలం ఉద్యోగులు కలిసి నెలనెలా ఇంత తీసిపెట్టండి. పద్ధతిగా సంఘం రిజిస్టర్ చేయించి, దాని పేరు మీదే బ్యాంకు ఖాతా తెరవండి. ఒక్క మనిషి ఖాతాలో వేయొద్దు. దేనికి ఖర్చు పెట్టాలో ఊరు చెప్పాలి. పెట్టిన ప్రతి రూపాయి లెక్కా గ్రామసభలో, మన భాషలో, గట్టిగా చదవాలి. పట్నం సంస్థల్ని లెక్క అడిగే నోరు మనకు ఉండాలంటే ముందు మన లెక్క శుభ్రంగా ఉండాలి.

నేను ఆ రోజు ఏ గడీ నొక్కలేదు. మెయిల్‌కు జవాబు రాశాను, ఇంకా సమాధానం రాలేదు. మీరూ రాయండి. రాసింది కింద కామెంట్లో పెట్టండి, చూసి ఇంకొకరు రాస్తారు.

జల్, జంగల్, జమీన్ అన్న మూడు మాటలు ఏ కంపెనీ జాబితాలోనూ లేవు. వాటిని అక్కడ రాయించాల్సింది మనమే.

జై ఆదివాసీ!