‘కుక్కా ఎముకా’ మోగుతోంది!

‘యాపిల్స్ ఎక్కి పైకెళ్లాడు’ అని ఎవరైనా అంటే... పాపం, పళ్లన్నీ తొక్కేశాడనుకుంటాం. లండన్‌లోని ఈస్ట్ ఎండ్ పాతకాపులకు మాత్రం అది మామూలుగా మెట్లెక్కడమే! వాళ్ల ఇంట్లో ‘డాగ్ అండ్ బోన్’ మోగిందంటే ఫోనొచ్చిందని. ‘ట్రబుల్ అండ్ స్ట్రైఫ్’ పిలుస్తోందంటే వైఫ్... అదేనండీ, ఇంటావిడ పిలుస్తోందని!

దీని పేరు కాక్నీ రైమింగ్ స్లాంగ్. సెయింట్ మేరీ లె బో చర్చి గంటలు వినిపించేంత దూరంలో పుట్టినవారే అసలైన కాక్నీలని అక్కడో నానుడి. వీధుల్లో తిరిగి సరుకులమ్ముకునేవాళ్ల నోళ్లలో నలిగిన ఈ యాస, 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ వేసిన నిఘంటువుకు ఎక్కింది.

సూత్రం చాలా తేలిక. చెప్పాల్సిన మాటకు అంత్యప్రాస కుదిరే జంటపదాన్ని ఎంచుకోవాలి. మెట్లంటే ‘స్టేర్స్’ కాబట్టి ‘యాపిల్స్ అండ్ పేర్స్’. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. ప్రాస కుదిరిన చివరి మాటనే ఎగరగొట్టేస్తారు! అలా ‘హెడ్’ కాస్తా ‘లోఫ్ ఆఫ్ బ్రెడ్’ అయి, చివరికి ‘లోఫ్’గా మిగిలింది. ‘లుక్’ అంటే ‘బుచర్స్ హుక్’... వాడుకలో ఉత్త ‘బుచర్స్’. స్నేహితుడు ‘మేట్’ కదా, ‘చైనా ప్లేట్’లో ప్లేటు పోయి ‘చైనా’ అయ్యాడు. తాళం మన చేతికిచ్చి, చెవి వాళ్ల జేబులో వేసుకున్నట్టన్నమాట. పక్కనే నిలబడి విన్నా కొత్తవాళ్లకు ముక్క అర్థంకాదు.

రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో జరిగిన బాంబుదాడిలో ఆ చర్చి గంటలు కూలిపోయాయి. మళ్లీ మోగింది 1961లోనే. యుద్ధం తర్వాత ఎన్నో కాక్నీ కుటుంబాలు ఎసెక్స్ వంటి చోట్లకు తరలిపోయాయి. ఇప్పుడు ఈస్ట్ ఎండ్ కుర్రకారు నోట కరీబియన్, దక్షిణాసియా పలుకులు కలిసిన కొత్త యాస వినిపిస్తోంది.

అలాగని పాత మాటలు పోలేదు. ‘కాస్త బుర్ర వాడు’ అనడానికి ‘యూజ్ యువర్ లోఫ్’ అంటుంటారు బ్రిటన్‌లో. ఆ రొట్టెముక్క వెనక ఓ ప్రాస దాగుందన్న సంగతి అనేవాళ్లలోనే చాలామందికి తట్టదు. ఊళ్లు మారినా మాట బతికింది.

అన్నట్టు, ఇందులో మన వంటకూ చోటుంది. రూబీ ముర్రే అని బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన గాయని. 1955లో ఆమె పాటలు ఐదు ఒకే వారం టాప్ ట్వంటీలో ఉన్నాయి. ‘ముర్రే’కు ‘కర్రీ’ ప్రాస కుదిరింది. అంతే! లండన్ మిత్రుడెవరైనా ‘రూబీకి వెళ్దామా?’ అంటే కెంపుల దుకాణానికి కాదు... కూర తిందాం రమ్మని!