తాళాల గుత్తిలో హీరోగారు!

సినిమాలో కారు ఆగిందంటే దానికో లెక్క ఉంటుంది. వాన కురవాలి, దగ్గర్లో ఓ పాడుబడ్డ బంగళా ఉండాలి, హీరోయిన్ కొంగు తడవాలి. హీరోగారు బానెట్ ఎత్తి రెండు వైర్లు కదిపితే చాలు, పాట అయ్యేసరికి కారు బుద్ధిగా స్టార్టవుతుంది! మరి మన కారో? రాత్రిపూట, కంది దాటాక, వెనక లారీ వస్తుండగా ఆగుతుంది. బంగళా ఉండదు, పాట అసలే ఉండదు.

ఊరికే అనడం లేదు లెండి. నాకు తెలిసిన కుర్రాడొకడున్నాడు. పాశమైలారంలో ఉద్యోగం, ఇస్నాపూర్‌లో అద్దె గది. సెలవు రోజు వస్తే సంగారెడ్డిలో సినిమా. నాలుగేళ్లు కూడబెట్టి ఓ పాత చిన్న కారు కొన్నాడు. కొన్న రోజే దాని తాళానికి తన అభిమాన హీరో ఇత్తడి బొమ్మ తగిలించాడు. (ఏ హీరో అని మాత్రం అడక్కండి, ఉత్తరాలు చదవలేక చస్తాను!) గది తాళం, బీరువా తాళం, ఫ్యాక్టరీ లాకరు తాళం, అమ్మ ఇచ్చిన వెంకన్న బిళ్ల... అన్నీ ఆ రింగుకే. పావుకిలోకి తక్కువుండదు.

నెల తిరక్కుండానే రోగం బయటపడింది. చక్రం గుంతలో పడితే చాలు, ఇంజను టక్కున ఆగిపోయేది. మీటర్ల ముళ్లన్నీ ఒక్కసారిగా పడిపోయేవి. పక్కకు తీసి తాళం మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది! ఒక మెకానిక్ బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన ప్లగ్గులు, మరొకాయన కాయిల్. జీతం కరిగింది గానీ రోగం కదల్లేదు.

ఓ రాత్రి ఫస్ట్ షో చూసి చెల్లెలితో తిరిగి వస్తున్నాడు. ముంబయి హైవే, అదేనండీ, ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. రుద్రారం ఇంకా రాలేదు. గుంత వచ్చింది, ఇంజను పోయింది. స్టీరింగ్ బిగుసుకుంది, బ్రేకు పెడల్ రాయిలా అయింది. వెనక లారీ హారన్ మోత. జానెడు దూరంలో తప్పించుకుపోయాడు ఆ డ్రైవరు మహానుభావుడు.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోను. "అన్నా, నా సంగతి అటుంచు, పక్క సీట్ల చెల్లె కూసున్నది. గీ కారు నాకొద్దే, అమ్మేస్త."

అమ్మేముందు ఒక్కసారి చూపిద్దామని పటాన్‌చెరులో ఓ ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. ఆయన బానెట్ ముట్టుకోలేదు. ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"బిడ్డా, బండి ఆగినప్పుడు మీటర్ల కాడ లైట్లు ఉంటయా, పోతయా?"

"అన్నీ పోతయి కాకా."

ఇంజను నడుస్తుండగానే ఆ గుత్తిని వేలితో కాస్త కిందికి లాగాడు. టప్! ఆగిపోయింది.

"చూసినవా? నీ హీరో ఊగుతుండు, నీ కారు ఆగుతున్నది!"

తాళం వెనక ఇగ్నిషన్ స్విచ్ అని ఒకటుంటుంది. తాళం 'ఆన్' లో ఉంటేనే ఇంజనుకు కరెంటు. అరిగిపోయిన స్విచ్‌కి బరువైన గుత్తి వేలాడితే, గుంతలో పడ్డ కుదుపుకి అది వెనక్కి జారుతుంది. స్విచ్ మార్చడానికైన ఖర్చు, అనవసరంగా మార్చిన బ్యాటరీ ధరకన్నా తక్కువే!

ఇది మన కుర్రాడి ఒక్కడి కథ అనుకునేరు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి షెవర్లే కోబాల్ట్ అనే చిన్న కారు కథా ఇదే. స్విచ్ లోపలి పిన్ను, స్ప్రింగు పొట్టివి. తాళం జారితే ఇంజనుతోపాటు ఎయిర్‌బ్యాగులూ పనిచేయవు. 2006లో ఆ భాగాన్ని మార్చారు గానీ పార్టు నంబరు మార్చలేదు, కాబట్టి తేడా బయటివాళ్లకి తెలియలేదు. చివరికి 2014లో ఈ స్విచ్ కోసం దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. నష్టపరిహారం ఇచ్చిన నిధి లెక్క ప్రకారం 124 మంది ప్రాణాలు పోయాయి. స్విచ్ మార్చేదాకా కంపెనీ ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? రింగుకి ఒక్క కారు తాళం తప్ప ఏదీ ఉంచొద్దని!

కాబట్టి మిత్రులారా, కారు మొరాయిస్తే పర్సు తీసే ముందు చెవులు రిక్కించండి. తాళం తిప్పితే 'టకటక' మంటూ లైట్లు మసకబారుతున్నాయా? బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్స్‌కి చిలుము పట్టింది. లైట్లు దివ్యంగా ఉండి ఒక్క 'టక్' తో సరిపెడితే సెల్ఫ్ మోటారు వైపు చూడండి. సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజను అందుకోకపోతే పెట్రోలో, ప్లగ్గుల కరెంటో రావడం లేదు. కొత్త కార్లలో తాళం బొమ్మ దీపం మిణుకుమంటుంటే, తాళంలోని చిప్‌ను కారు గుర్తుపట్టలేదన్నమాట. రెండో తాళంతో ప్రయత్నించండి. నడుస్తూ నడుస్తూ అన్నీ ఒక్కసారే పోతే... మన హీరోగారి కేసు!

అలా దారిలో ఆగితే కంగారుపడి తాళం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. రెండు చేతులా గట్టిగా పట్టుకోండి. బ్రేకు మాటిమాటికీ తొక్కకుండా ఒకే పట్టున బలంగా అదమండి. ఇండికేటర్లు వేసి ఎడమకి తీసి, ఆగాకే మళ్లీ స్టార్ట్ చేయండి.

అన్నట్టు, వానలో కారు ఆగడం మన సినిమా రచయితల కల్పన ఒక్కటే కాదు సుమండీ! పద్మిని, అంబాసిడర్ల రోజుల్లో డిస్ట్రిబ్యూటర్ మూతలోకి చెమ్మ చేరితే ప్లగ్గుల కరెంటు దారితప్పేది. పొడిబట్టతో తుడిస్తే కదిలేది. అయితే ఒకరు కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోస్తుండగా ఇంకొకరు సెల్ఫ్ కొట్టే విద్య మాత్రం ఎవరు నేర్పినా నేర్చుకోకండి. మంట ఎగిసి ముఖం కాలితే రీటేకు ఉండదు.

మన కుర్రాడు కారు అమ్మలేదు. పోయిన వారం చెల్లెల్ని మళ్లీ సినిమాకి తీసుకెళ్లాడు. తాళం ఒంటరిగా, తేలిగ్గా ఉంది. హీరోగారెక్కడ అని అడిగాను.

"గదిల కిటికీల నిలబెట్టిన అన్నా. ఆడుంటెనే మంచిగున్నడు!"

వచ్చేవారం కలుద్దాం. ఈలోగా మీ గుత్తి ఓసారి తూచి చూసుకోండి!