బేగంబజార్‌లో దొరికే బోల్టు

సెలవులకు హైదరాబాద్ వెళ్లే మన ప్రవాసుల్లో చాలామందికి బేగంబజార్ అంటే స్టీలు గిన్నెలు, జీడిపప్పు, బాదంపప్పు. ఆ సందుల్లో ఒక్కసారి చక్రాల కుర్చీ నడిపి చూడండి. హమాలీల బళ్లు, కొట్టు దాటి రోడ్డెక్కిన సరుకు, ఎదురొచ్చే స్కూటర్లు... నడిచేవాళ్లకే దారి దొరకదు. దివ్యాంగులకు పరికరాలు తయారుచేసే ఇంజనీరింగ్ పిల్లలకు ఇంతకు మించిన పరీక్షాశాల లేదు.

అడ్డం వచ్చినదాన్ని అల్ట్రాసౌండ్‌తో పసిగట్టి కంపించే అంధుల చేతికర్ర మన కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపిస్తుంది. సెమినార్ హాల్లో భేషుగ్గా పనిచేస్తుంది. బేగంబజార్‌లో మాత్రం ఆగకుండా కంపిస్తూనే ఉంటుంది. ఇక అది చెప్పేదేముంది? ఢిల్లీ ఐఐటీలో 2005లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన అలాంటి చేతికర్రే స్మార్ట్‌కేన్, 2014లో గాని జనం చేతికి రాలేదు. తొమ్మిదేళ్లు! మన బీటెక్ నాలుగేళ్లే. అందులో ప్రాజెక్టుకు మిగిలేది చివరి ఏడాది.

అబ్దుల్ కలాం ఎన్నో సభల్లో చెప్పిన సంగతి ఒకటుంది. నిమ్స్ ఎముకల డాక్టరు ఒకాయన హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణికి వాడే మిశ్రమ పదార్థం ఎంత తేలికో చూసి, కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడేసి కిలోల లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఆ మిశ్రమ పదార్థంతో చేసేసరికి ఆ బరువు 300 గ్రాములకు దిగింది. అందరూ క్షిపణినే గుర్తుపెట్టుకున్నారు గాని, డాక్టరు ల్యాబ్ గడప తొక్కడం, శాస్త్రవేత్త పిల్లల నడక కళ్లారా చూడడం, అసలు సంగతి అదే అనిపిస్తుంది మాకు.

ఇలాంటి పరికరాలు చేసే విద్యార్థులకు మన ప్రవాస సంఘాలు పోటీలు పెడుతున్నాయి, బహుమతులిస్తున్నాయి. మంచిదే. ఫొటో అయ్యాక పిల్లలు ఉద్యోగానికో, ఎంఎస్‌కో వెళ్లిపోతారు (మనం వచ్చిన దారే లెండి). పరికరం బీరువా ఎక్కుతుంది. అందుకే బహుమతి సొమ్ములో పెద్ద వాటా రెండో ఏడాదికి, మూడో ఏడాదికి అట్టేపెడదాం. వాడేవాళ్ల ఇంటికెళ్లి చూడ్డానికి, విరిగినది బాగుచేయడానికి ఖర్చుపెడదాం. షరతు ఒకటే: పరికరానికి కావలసిన బోల్టు బేగంబజార్ ఇనుప కొట్లలోనో, పక్కనే కోఠి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లోనో దొరకాలి. కాలిఫోర్నియా నుంచి తెప్పించిన మోటారు ఆగిపోతే మహబూబ్‌నగర్ మనిషి ఎవరికి ఫోన్ చేయాలి?

పోటీల న్యాయనిర్ణేతల్లో సగంమంది ఆ పరికరాలు వాడేవాళ్లే ఉండాలన్నది మా రెండో ప్రతిపాదన. సంఘం కార్యవర్గంలో కొందరు అప్పుడే గొణుగుతున్నారు. గొణుగుడు ఆపి, మీ అభ్యంతరాలేవో వచ్చే సంచికకు రాసి పంపండి.