పెట్టె తెఱవకయే పోయిన ధనము

తన తమ్ముడు క్రిప్టోధనము కొనుటకై తాను గొలుసు నమ్మి యిచ్చితి ననియు, ఆ టోకెన్లన్నియు నొక్క రాత్రిలో మాయమైన వనియు, తమ్ముడు రహస్యపదముల నెవ్వరికిని జెప్పలేదని ప్రమాణము చేయుచున్నా డనియు, అతని మాట నమ్మదగునా యనియు నొక సోదరి మాకు వ్రాసినది. నమ్మవచ్చును. ఎట్లనగా వినుడు.

వాలెట్టు, అనగా ధనపుసంచి, అని పేరేగాని దానిలో పైక ముండదు. ఎవరి కెంత గలదను లెక్క లోకమందలి వేలకొలది యంత్రములలో బహిరంగముగా వ్రాయబడి యుండును. సంచిలో నుండునది తాళపుచెవి మాత్రమే. అది పోయినచో మరల చేసికొనుటకై 12 గాని 24 గాని మాటలను వరుసగా నిత్తురు. ఈ మాట లెవరికి దెలిసిన ధనము వారి చేతిదే. కొందఱు వీనిని ఫోనులో ఫోటో తీసి దాచుదురు. ఆ ఫోటోలను జూడగల దొంగ యాప్ ఒక్కటి చేరిన జాలును. మఱికొందఱు, సహాయము చేయుదుమని పలుకరించిన వారికి దామే చెప్పుదురు. బీరువా తాళముల గుత్తిని వీధిలో బోవువాని చేతి కిచ్చు నిల్లాలు గలదా?

మాటలు చెప్పకయే పోగొట్టుకొను మార్గ మింకొకటి కలదు. "టోకెన్లు ఉచితముగా నిత్తుము, ఇచ్చట నొక్కుడు" అని యొక పుట కనబడును. నొక్కగా సంతకము పడును. ఆ సంతకమున కర్థము, నా టోకెన్లను నీ యిష్టమైనంత తీసికొనుము అని! ఖాళీ కాగితముపై వేలిముద్ర వేసి యిచ్చుట యన నిదియే. రద్దు చేయనంతవఱకు, నెలలు గడచినను, దొంగ దానిని వాడుకొనవచ్చును. 2021 డిసెంబరులో బ్యాడ్జర్ డావో అను సంస్థయొక్క సొంత పుటలోనే యిట్టి కోరికను జొప్పించి సుమారు 12 కోట్ల డాలర్లు హరించిరి. కర్ణుని కవచకుండలముల నెవ్వరును దొంగిలింపలేదు, అతడే కోసి యిచ్చెను. ఐనను కర్ణు డెఱిగి యిచ్చెను. వీ రెఱుగక యిచ్చుచున్నారు.

తమ్ముని తెలివితక్కువవా డనుటకు ముందు పెద్దల సంగతి చూడుడు. 2025 ఫిబ్రవరి 21వ తేదిని బైబిట్ సంస్థ యధికారులు తెరపై సక్రమముగా గనబడిన బదిలీకి సంతకములు చేసిరి. లోపల జరిగినది వేఱు. సుమారు 150 కోట్ల డాలర్ల ఈథరు పోయినది. ఇది ఉత్తర కొరియా వారి పని యని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించినది. మన దేశమున 2024 జులై 18న వజీరెక్సు 23 కోట్ల డాలర్లకు బైగా గోల్పోగా, ఖాతాదారులు నెలల తరబడి తమ టోకెన్లను తీసికొనజాలకపోయిరి.

ఇక చేయవలసినది. మిగిలిన దేమైన నున్నచో క్రొత్త మాటలతో క్రొత్త వాలెట్టు చేసి దానిలోనికి వెంటనే మార్చవలెను. పాతదానిపై నిచ్చిన యనుమతులను రద్దు చేయవలెను. 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవలెను. టోకెన్లు చేరిన చోటు బహిరంగపు లెక్కలో గనబడుచునే యుండును గాన, అవి యేదైన మారకపు సంస్థకు జేరినయెడల నచట నిలుపుటకు గొంత యవకాశము గలదు. ఆలస్యమైన కొలది నదియు దగ్గును. పోయిన ధనము రప్పింతుము, ముందుగా రుసుము పంపుడని యెవ్వరైన వ్రాసినచో, వారు రెండవ దొంగలు. అట్టి జాబు తమ్మునికి వచ్చియున్నదేమో సోదరి నేడే యడిగి చూడవలెను.